తొమ్మిదో గడి

పదమూడో ఫైలు టైపు చేస్తుండగా ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఫోటోలు చూసి కాదు, వాటిని బోర్లించి పెట్టుకోవడం మొదటి వారంలోనే అలవాటు చేసుకుంది. 'క్షణికావేశం' అన్న మాట చూసి. వెనకటి పన్నెండింటిలోనూ అదే మాట. ఒకడు కత్తికి సాన పట్టించుకొచ్చి మరీ క్షణికావేశపడ్డాడు. ఇంకొకడు పిల్లల్ని చెల్లెలింట్లో దింపి, తిరిగొచ్చి, తలుపు గడియ పెట్టి క్షణికావేశపడ్డాడు. ఎంత తీరుబడి గల ఆవేశాలో!

ఆఫీసులో ఆమెను తప్పుల్లేనమ్మ అంటారు. ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరం కొట్టివేసిన పాపాన పోలేదు. పొట్టి మనిషి. బల్ల అందక కుర్చీలో రెండు లావుపాటి పాత రిజిస్టర్లు వేసుకుని, వాటి మీద పలచటి దిండు పరుచుకుని కూర్చుంటుంది.

పదేళ్లలో ఆ ఊళ్లో మొగుళ్ల చేతుల్లో పోయిన ఆడవాళ్ల ఫైళ్లు తిరగేసి, అన్నిటిలో ఉమ్మడిగా ఏముందో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఫైలుకో కాగితం, కాగితానికి పద్నాలుగు గళ్లు. తొమ్మిదో గడి 'గతంలో ఫిర్యాదు ఉన్నదా?' అన్నిటిలోనూ 'లేదు' అనే టైపు చేసింది.

పక్కగదిలోంచి కమిటీలోని డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఇంతమందిలో ఒక్కరూ నోరు విప్పలేదంటే నమ్మబుద్ధి కావడం లేదండీ."

"ఆడవాళ్లు గుట్టు మనుషులమ్మా," అన్నాడు కమిటీ పెద్దాయన. రిటైరైన జడ్జి. నోట్లో బిస్కట్టు నానుతూనే ఉంది.

ఫోటో నంబరు సరిచూడాలి కాబట్టి తప్పుల్లేనమ్మ పదమూడో ఫైల్లో ఒకదాన్ని తిప్పింది. ఎడమ చెవి తమ్మె తెగి, రెండు పాయలుగా అతుక్కుంది. ఆ చెవిని ఆమె ఇదివరకే చూసింది.

రెండేళ్ల కిందట, ఇక్కడికి బదిలీ అయ్యే ముందు, ఆమె పోలీస్ స్టేషన్లో ఫిర్యాదుల బల్ల దగ్గర రాసేది. ఎనిమిదేళ్లు రాసింది. ఆ చెవి గల పిల్ల మండుటెండల్లో మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకుని వచ్చింది. మఫ్లర్ విప్పి చూపించింది.

"గొంతు పట్టుకున్నాడక్కా. కళ్లు చీకట్లు కమ్మాయి."

"వదిలేశాడుగా? కాపురమన్నాక ఇవన్నీ మామూలేనమ్మా," అంది తను.

మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. తల నున్నగా దువ్వుకుని, చేతిలో చల్లటి సోడాతో వచ్చి, "అక్కయ్యగారూ" అని ఎంత మర్యాదగా పిలిచాడు! ఇద్దరూ రాజీకి ఒప్పుకుని సంతకాలు పెట్టారు. పిల్ల మఫ్లర్ కుర్చీకే మర్చిపోయింది. రేపో మాపో వస్తుందిలే అని తను సొరుగులో దాచింది. ఆ వారమే బదిలీ. సొరుగులోని సామాను మూటతోపాటు అదీ ఈ ఆఫీసుకొచ్చింది.

రాజీ అయితే ఫిర్యాదు కింద లెక్క కాదు. నంబరు పడదు. రాజీ పుస్తకంలో రాస్తారు. అక్కడ బీరువా చాలక ఆ పుస్తకాలనూ ఇక్కడికే తోలేశారు.

తప్పుల్లేనమ్మ లేచి, దిండు పక్కకు నెట్టి, తన కిందున్న రిజిస్టర్లు బల్ల మీదికి లాగింది. దుమ్ము లేచింది. ముత్యాల్లాంటి తన దస్తూరీ. 'చిన్న మాటపట్టింపు. నచ్చజెప్పి పంపడమైనది.' తేదీ చూసింది. ఫైల్లో తేదీ చూసింది. మధ్యలో పదకొండు రోజులు.

మిగతా పన్నెండు పేర్లూ వెతికింది. ఎనిమిది దొరికాయి. గొంతు అన్న మాట ఎక్కడా రాయలేదు. ఎవరెవరు మెడ చూపించారో మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారు. తన చేతివేళ్లు చూసుకుంటే ఆమెకు రోత పుట్టింది.

రిజిస్టర్లు మోసుకెళ్లి కమిటీ బల్ల మీద పెట్టింది.

పెద్దాయన వాటిని మునివేళ్లతో తెరిచి చూశాడు. "రాజీలు ఫిర్యాదులు కావమ్మా. ఆ రూలు నీకు తెలీందా?"

"తెలుసండీ. ఇన్నాళ్లూ దాని మీదే కూర్చున్నాను."

"రాసింది నువ్వేగా! పింఛను ముందర కొరివితో తల గోక్కుంటావా?"

"నా రాతే. కాబట్టే పోల్చుకున్నాను."

డాక్టరమ్మ రిజిస్టర్లు తన వైపు లాక్కుంది. "గొంతు పట్టుకున్న సంగతి ఎంతమంది చెప్పారో గుర్తుందా?"

"ఏడుగురు. రాసుకోండి."

మధ్యాహ్నం దాకా చెప్పింది. తర్వాత తొమ్మిది కాగితాల మీద తొమ్మిదో గడిలో 'లేదు' కొట్టేసి, పెన్నుతో 'ఉన్నది' అని రాసి, పక్కన సంతకం చేసింది. విచారణ అయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్న కాగితం సాయంత్రం లోపలే చేతికిచ్చారు. అందులో ఒక అక్షరం తప్పుంది. ఆమె దిద్దలేదు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, గొడుగు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

డాక్టరమ్మ తలెత్తేసరికి రిజిస్టర్ల పక్కన ఉన్ని మఫ్లర్ ఉంది. మెడ చుట్టూ తిరిగిన వంపు దానికింకా పోలేదు.