ఎడంచేతి గీతలు

ముప్ఫై ఒక్క ఏళ్ళ స్నేహంలో వుర్యాని నన్ను మా జతినెగారా బజారు దాటి ఎక్కడికీ తీసుకెళ్ళిన పాపాన పోలేదు. అలాంటిది శుక్రవారం పొద్దున గోడ మీద గరిటెతో మూడుసార్లు కొట్టి, "గయా, రేపు దీవికి పోతున్నాం. రిసార్టులో గది చెప్పేశాను. ఆదివారం వచ్చేద్దాం. సంచి సర్దుకో" అంది.

"ఏంటే, మతి గానీ పోయిందా?" అన్నాను ఇవతలి నుంచి.

"పోలేదు. పిలిస్తే రావడం నేర్చుకో."

మా రెండు వంటిళ్ళకీ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడే. ఇవతల నేను కొబ్బరిపాల అన్నం వండి, పొద్దున్నే సందు మొదట్లో కూర్చుని అమ్ముకుంటాను. అవతల దాని కుట్టుమిషను. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. నాకు పిల్లలు లేరు, దానికున్న ఒక్క కూతురూ ఎక్కడో దూరాన మకస్సర్‌లో ఉంటుంది. ఉప్పు కావాలన్నా, ఊసుపోకపోయినా, ఎవరిమీదైనా ఒళ్ళు మండినా గరిటె తీసి గోడ మీద కొట్టడమే మా అలవాటు.

పోయిన వానాకాలంలో నేను వంటింట్లో జారి పడ్డాను. తుంటి పట్టేసి లేవలేకపోయాను. గరిటె పైన గట్టు మీద ఉంది. అరిస్తే అవతల మిషను చప్పుడు. మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది, సాయంత్రం పిలుపూ వినిపించింది, నేను ఆ తడి నేల మీద అలాగే పడి ఉన్నాను. చివరికి టీకని వచ్చి వుర్యాని చూసింది. ఆ రోజు నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది. అప్పుడే అనుకున్నాం, గోడ పగలగొట్టించి మధ్యలో తలుపు పెట్టిద్దామని. మేస్త్రీ ఇప్పటికి కుదిరాడు, ఈ సోమవారం వస్తానన్నాడు. ఎవరితోనూ అనలేదు గానీ ఆ సోమవారం కోసం నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాను. పడిపోతానని కాదు నా భయం. పడ్డానని ఎవరికీ తెలియదేమోనని.

శనివారం పొద్దున్నే మువారా అంకె రేవుకి వెళ్ళి పడవెక్కాం. మూడు గంటలు ఊపి ఊపి వదిలింది. వుర్యాని ప్లాస్టిక్ సంచి మూతి దగ్గర పెట్టుకుని నా భుజం మీద వాలిపోయింది. "నిన్నెవరు ఏడవమన్నారే ఈ సముద్రం మీదికొచ్చి" అని తిడుతూనే దాని కణతలకి నూనె రాశాను. చెయ్యి మెడ దాకా వెళ్ళేసరికి తలముసుగు గబుక్కున కిందికి లాక్కుంది. అప్పుడు పట్టించుకోలేదు నేను.

రిసార్టంటే ఏదో అనుకున్నాను. నీళ్ళలో గుంజల మీద పది గుడిసెలు, జెండా పండగ అయి పది రోజులైనా విప్పని ఎర్ర తెలుపు తోరణాలు. మంచం మీద తువ్వాలుని హంసలాగా మడిచి పెట్టారు. నేను హంసని విప్పి మొహం తుడుచుకున్నాను.

వుర్యాని మొహం పాలిపోయి ఉంది. తేన్పులు, ఒళ్ళు చల్లగా. ఒంట్లోకి గాలి దూరిందని చెప్పడానికి డాక్టరెందుకు. వీపుకి తైలం రాసి, ఎర్రగా గీతలు తేలేదాకా నాణెంతో గీరితే ఆ గాలి పోతుంది. నా సంచిలోంచి తైలం సీసా, మా అమ్మమ్మ నాటి రాగి నాణెం తీశాను. డచ్చివాళ్ళ కాలంనాటిది, అంచులు అరిగి నున్నగా ఉంటుంది. మా సందులో సగం వీపులు దానికి తెలుసు.

"పైది తీసి బోర్లా పడుకో. రెండు నిమిషాల్లో గీరేస్తాను" అన్నాను.

"వద్దులే. తగ్గిపోయింది."

"తగ్గిందా? నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

"వద్దన్నానా, గయా."

ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో అది నాకు వీపు ఇవ్వనన్నది అదే మొదటిసారి. కాన్పు నొప్పుల ముందు రోజు ఇచ్చింది. మొగుడు పోయి నలభై రోజులు మాట్లాడకుండా కూర్చున్నప్పుడు కూడా వీపు ఇచ్చింది. నాణెం మళ్ళీ గుడ్డలో చుట్టి సంచిలో పడేశాను. ముందు ఒళ్ళు మండింది. తర్వాత భయం పట్టుకుంది. మా సందు చివర బు మస్తురా అని ఒకావిడ ఉండేది. రొమ్ములో గడ్డ లేస్తే ఎవరికీ చెప్పలేదు, ఎవరిచేతా గీరించుకోలేదు. తెలిసేటప్పటికి చెయ్యడానికేం మిగల్లేదు. వుర్యాని నన్ను ఉన్నట్టుండి దీవికి ఎందుకు తీసుకొచ్చిందో అప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. భోజనంలో పెట్టిన చేపని కెలుకుతూ వుర్యానినే చూస్తూ కూర్చున్నాను.

"ఏంటే అలా చూస్తావ్?" అంది అది.

"చేప బాగాలేదు."

"నువ్వొండితే తప్ప లోకంలో ఏదీ బాగోదులే నీకు."

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఇద్దరం బట్టలతోనే సముద్రంలో దిగాం. మోకాళ్ళ లోతు నీళ్ళలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాం. ఒక పడవ జోరుగా పోతే దాని వెనకాల అల వచ్చి ఇద్దర్నీ ఒక్క తోపు తోసింది. లేచి చూస్తే వుర్యాని తలముసుగు ఊడి నీళ్ళలో తేలుతోంది. దాని మెడ వెనక ఎర్రటి గీతలు.

నేను ఆగలేదు. మెడ దగ్గర బట్ట పట్టుకుని వెనక్కి లాగి లోపలికి చూశాను. వీపు నిండా గీతలే. రెండు రోజులనాటివి, కంది నల్లబడుతున్నాయి. గడ్డ లేదు, కట్టు లేదు, ఏమీ లేదు. ఒక్క క్షణం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది.

ఎవరి వీపు వాళ్ళు గీరుకోలేరు. మరి ఎవరు గీరారు?

ఇంకోసారి చూశాను. నాకు గీతలు చదవడం వచ్చు. కుడిచేతి మనిషి గీరితే కుడిపక్క గీత నిండుగా దిగుతుంది, ఎడమపక్క కాస్త వెలితిగా ఉంటుంది. ఇక్కడ అంతా తలకిందులు. పైగా వంకర టింకర, ఒకచోట చర్మం లేచిపోయింది. ఎవడో చేతకాని ఎడంచేతివాడు. మా సందులో ఎడంచేతి వాటం మనిషి ఒక్కడే. కుట్టుమిషన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసే వగియో. ఎప్పుడూ చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరుగుతాడు. ఆరేళ్ళుగా నేను అతన్ని 'స్క్రూడ్రైవరు' అనే పిలుస్తాను, మొహం మీదే.

వుర్యాని ఎలాంటిదో నాకు తెలుసు. పరాయి మగాడికి చెయ్యి కూడా అందించే మనిషి కాదు. వీపు ఇచ్చిందంటే దానికి ఒకటే అర్థం.

"ఎప్పుడు చేసుకున్నావు పెళ్ళి?" అన్నాను.

అది ముసుగు నీళ్ళు పిండుతూ నావైపు చూడలేదు. "సోమవారం" అంది.

"ఏ సోమవారం?"

"మొన్నటి సోమవారమే. నువ్వు బెకాసిలో మీ మేనకోడలి కాన్పుకి వెళ్ళావు కదా. మా అన్నయ్య సెమరాంగ్ నుంచి ఒక్క రోజు పని మీద వచ్చాడు. కన్యని అప్పగించాల్సింది వాడేగా, మళ్ళీ ఏడాది దాకా రాలేనన్నాడు. ఇవాళే కానిచ్చేద్దాం అన్నారు."

"కన్యట, కన్య. యాభై ఏడేళ్ళ కన్య. ఫోన్ లేదా నీకు?"

"చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను."

"మరి?"

"నువ్వు నవ్వుతావని" అంది. "నువ్వు ఫోన్లో నవ్వితే, నేను పెళ్ళి ఆపేసి ఇంటికొచ్చేసేదాన్ని. నాకు ఆపాలని లేదు, గయా."

ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. అనకూడని మాటే అన్నాను. "మంచిది. స్క్రూడ్రైవరుతో సుఖంగా ఉండు. నాతో పనేముంది ఇంక." అని ఒడ్డుకొచ్చేశాను.

చెక్క వంతెన చివరికి పోయి తడి బట్టలతోనే కూర్చున్నాను. గాలి ఈడ్చి కొడుతోంది. నిజం చెప్తాను, వాళ్ళ పెళ్ళికి కాదు నా ఏడుపు. వగియో మంచివాడే. ఈ వారమంతా రోజూ పొద్దున నా దగ్గర అన్నం పొట్లం కట్టించుకుని, కొంచెం ఎక్కువ కారం వెయ్యమని అడిగాడే గానీ పెళ్ళి సంగతి ఎత్తలేదు, దొంగసచ్చినోడు. నా ఏడుపంతా ఆ గోడ గురించి. మొగుడున్న ఇంట్లోకి పక్కింటిదాని వంటింటి నుంచి తలుపెందుకు? ఏ మగాడు ఒప్పుకుంటాడు? ఇటుకలు అలాగే ఉంటాయి, మిషను చప్పుడు అలాగే ఉంటుంది, నేను మళ్ళీ ఎప్పుడో ఆ తడి నేల మీద పడి ఉంటాను.

పొద్దు వాలుతుంటే నాకు వణుకు మొదలైంది. పళ్ళు టకటకలాడుతూ గదికి వచ్చాను. వుర్యాని లేచి తలుపు మూసింది. నా సంచిలోంచి నాణెం తనే తీసింది, తైలం తీసింది, మంచం మీద తువ్వాలు పరిచింది. నేను కోపంగానే పైబట్ట తీసి బోర్లా పడుకున్నాను. కోపం వేరు, గాలి వేరు.

మొదటి గీత గీరగానే "అబ్బో, బీట్‌రూటు లాగా అవుతోంది" అంది.

"నీ వల్లే."

"నా వల్లే. కదలకు." కాసేపు గీరి, మెల్లగా చెప్పుకొచ్చింది. "నీకు చెప్పాలని మంగళవారం గోడ దాకా వచ్చాను. గరిటెతో కొట్టాను కూడా. నువ్వు ఏంటే అన్నావు. నాకు నోరు రాక ఉప్పుందా అన్నాను. నువ్వు ఉప్పు తెచ్చిచ్చావు. మా ఇంట్లో రెండు డబ్బాల ఉప్పుంది, గయా. నీకెలా చెప్పాలా అని తిండి సయించక గాలి పట్టేసింది. గురువారం సాయంత్రం నువ్వు ఖురాను చదివే చోటికి వెళ్ళినప్పుడు ఆయన వచ్చి గీరాడు. నీకు చెప్పేదాకా సామాను తేనన్నాడు. చెప్పుకోవడానికి వేరే ఊరైతే నువ్వు తలుపేసుకుని కూర్చోలేవని ఈ రిసార్టు చెప్పింది కూడా ఆయనే."

నేను మొహం తలగడలోకి ఇంకా దూర్చుకున్నాను.

"సోమవారం మేస్త్రీని రావద్దని చెప్పు" అన్నాను చివరికి. "కొత్త దంపతుల ఇంట్లోకి నాకెందుకు తలుపు."

నాణెం నా నడుము దగ్గర ఆగిపోయింది.

"అదేంటే, మా ఆయన కొలతలు కూడా తీసేశాడు. తలుపు బందులు తెచ్చాడు."

"ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ తెమ్మనలేదు. ఒక్కదానికి మాత్రం పట్టుబట్టాడు. తలుపు మా వైపుకే తెరుచుకోవాలట. నీ వైపుకి తెరుచుకునేలా పెడితే, నువ్వు పడి తలుపుకి అడ్డంగా ఉంటే ఇవతలి నుంచి ఎంత తోసినా రాదట. మా వైపుకి లాగేలా ఉంటే నువ్వు ఎలా పడ్డా తెరుచుకుంటుందట. దానికని మా గిన్నెల అలమారు జరపాలి. బుధవారమే వచ్చి జరిపేసి వెళ్ళాడు."

ఆ తలుపు గురించి నేను ఆర్నెల్లుగా ఆలోచిస్తున్నాను. ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాను. ఈ సంగతి నాకు తట్టలేదు. నేను ఎగతాళి చేసిన మనిషి, ఆరేళ్ళు మొహం మీదే నవ్విన మనిషి, నేను ఎలా పడి ఉంటానో కూర్చుని ఆలోచించాడు. నాకు ఏడుపు ఆగలేదు. తలగడ గలీబు తడిసిపోయింది.

"నొప్పా?" అంది వుర్యాని.

"నొప్పే. గీరు."

అది గీరింది. మధ్యలో ఒకసారి తన చెంప నా వీపుకి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తైలం దాని మొహానికంతా అంటుకుని ఉంటుంది.

ఆదివారం తిరుగు పడవలో మళ్ళీ అదే కథ. ప్లాస్టిక్ సంచి మూతి దగ్గర, తల నా భుజం మీద. ఈసారి నేను తిట్టలేదు. సంచిలోంచి గుడ్డ మూట తీసి రాగి నాణెం దాని గుప్పిట్లో పెట్టాను.

"ఇంటికెళ్ళాక పాక్ వగియోని దీంతో గీరమను. మొన్న ఏదో పదునంచు బిళ్ళతో చర్మం లేపేశాడు. ఎటునుంచి ఎటు గీరాలో నేను పక్కన కూర్చుని నేర్పిస్తాను."

ఆరేళ్ళలో మొదటిసారి నేను 'పాక్' అని మర్యాద చేర్చి ఆ పేరు పలికానని అది గమనించింది. కళ్ళు తెరిచి నావైపు చూసింది.

"మీ అమ్మమ్మది కదే ఇది" అంది. "నాకిచ్చేస్తే ఎలా? నీకొద్దూ?"

"రేపటి నుంచి తలుపుంటుందిగా" అన్నాను. "అది ఇవతలుంటే ఏంటి, అవతలుంటే ఏంటి."