మైసి గుర్తుపట్టిన చీర

కంటి ఆపరేషన్ చేయించుకుని, మేడ్చల్‌లో కూతురింట్లో నలభై రోజులుండి గౌడవెల్లికి తిరిగొచ్చాను. బస్సు దిగి ఇంట్లోకి పోలేదు, నేరుగా కొట్టంలోకి పోయాను. నా ఒంటిమీద కూతురు పెట్టిన కొత్త చీర, మందుల వాసన. మా బర్రె మైసి తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ చొప్పలో మూతి పెట్టింది.

గండిమైసమ్మకు బోనం ఎత్తిన రోజు పుట్టిందని దానికా పేరు పెట్టాను. ఐదు ఈతలూ నేనే పిండాను. వేరే చెయ్యి పడితే చేపేది కాదు, పాలు పైకి ఎగబట్టేది. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. నేను లేని రోజుల్లో నా తోడికోడలు లక్ష్మీకాంతమ్మ పిండింది. అది ఆమెను ఒక్కసారైనా తన్ని ఉంటుందని ఆశపడ్డాను.

"తన్నలేదా?" అని అడిగాను.

"ఎందుకు తంతదక్కా? మొదటి దినమే చేపింది. మస్తు మంచిది."

ఆ మాట ముల్లులా దిగింది. మనుషులను సాగనంపడం నాకు కొత్త కాదు. నాయినను, పెనిమిటిని, ఇద్దరన్నలను పంపాను. వాళ్లెవరూ పోయేముందు నన్ను మరిచిపోలేదు.

డాక్టరు వంగవద్దన్నాడని నా కొడుకు వీరేందర్ కొత్త మాట ఎత్తాడు. "అమ్మా, ఇగ బర్రెను చిన్నమ్మకే ఇచ్చేద్దాం."

"నేను లేకపోతే అది బతుకది," అన్నాను.

నా మనవరాలు పద్మజ తుర్కపల్లిలో ఎలుకల మీద మందులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. కంపెనీ బండి కోసం గడపలో నిలబడి నవ్వింది. "నీ తోటి దానికేం లాభమైందవ్వా? పోయినసారి దూడ సచ్చిపోతే తోలుల గడ్డి కూరి ముంగట నిలబెట్టినవు. అది నాకుతుంటే నువ్వు పాలు పిండినవు. ఈసారి దున్నదూడను అంగట్ల అమ్మినవు."

"మరి ఎండకాలం మేత ఎవరు వెట్టిన్రు? కుక్కలు పడకుంట ఎవరు గాసిన్రు? నేను సాకకుంటే అది పుట్టకనే పోవు."

"పుట్టుడు లాభమేనా?"

"మీ ల్యాబుల ఎలుకల్ని అడుగు పో."

పద్మజ మొహం తిప్పుకుని బండెక్కింది. గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రం పాలకు లక్ష్మీకాంతమ్మ వచ్చింది. ఒంటిమీద నా ఆకుపచ్చ చీర. కొట్టం పనికని నేను కట్టేది, కుడితి మరకలది.

"గిది కట్టుకుంటెనే చేపుతదక్కా. నీ మరిదే చెప్పిండు. నీ వాసనుంటది గదా."

నాకు ప్రాణం లేచొచ్చింది. నలభై రోజులూ మైసి పాలిచ్చింది నాకేనన్నమాట. మర్నాడు ఆమె విడిచిన ఆ చీరను సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, ఆరేసి, మడిచి ఆమె చేతికిచ్చాను.

"మురికిగుంటే ఉతికిన చెల్లే," అన్నాను.

సాయంత్రం మైసి ఆమెను తన్నింది. బకెట్ దొర్లిపోయింది. నేను గుంజ చాటున నిలబడి సంతోషపడ్డాను. తెల్లారి కూడా చేపలేదు. ఎండెక్కేసరికి పొదుగు రాయిలా బిగిసింది. వెనుక కాళ్లు ఎడంగా పెట్టి, మేత ముట్టకుండా అరుస్తూనే ఉంది.

"నా చెయ్యే మంచిది కాదేమో అక్కా," అంటూ లక్ష్మీకాంతమ్మ కళ్లొత్తుకుంది.

మేత ఎవరు పెట్టారని మనవరాలిని గట్టిగా అడిగిన దాన్ని. ఈ నొప్పి ఎవరు పెట్టారో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ చీర అడిగి తీసుకుని కట్టుకున్నాను. పేడ ఎత్తాను, కుడితి కలిపాను, దాని మెడకు ఒళ్లానించి చాలాసేపు నిలబడ్డాను. తర్వాత వంగి నేనే పిండాను. కన్ను సలిపింది. పాలు దిగుతుంటే మైసి కళ్లు మూసుకుంది. గడ్డిదూడను నాకినప్పుడూ ఇట్లాగే మూసుకునేది.

మూడు రోజులు ఆ చీరలోనే పని చేశాను. నాలుగో రోజు విప్పి, ఉతకకుండా లక్ష్మీకాంతమ్మకు ఇచ్చాను. మైసి పగ్గం కూడా ఆమె చేతిలో పెట్టాను.

"దీన్ని ఉతకకు," అన్నాను.

"ఎన్ని దినాలక్కా?"

"నీ వాసన పట్టేదాక."

ఆమె చీర కట్టుకుని ముందు నడిచింది. మైసి ఆ కొంగు వెంట పోయింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని గుంజ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు మలుపు తిరిగిపోయారు.