అడుగుకు దిగిన ఇనుము

పొడులు కలిపే గదిలో కిటికీలోంచి ఎండ పడినప్పుడు లోహపు రేణువులు ఒక్కొక్కటే మెరిసి ఆరిపోతుంటాయి. మాస్కు లోపల నా ఊపిరి చప్పుడు నాకే వినబడుతుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో నడుస్తున్నట్టుంటుంది.

మేం చేసేవి అరచేయంత పలకలు. హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో అవి దొంతరగా ఉంటాయి. ఒక్కో పలకకి ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకోకూడదు. వెంట్రుక దూరేంత సందున్నా పలక పనికిరాదు.

క్రోమియం పొడిలో కాస్త ఇనుప పొడి పోసి, డ్రమ్ములో గంటసేపు తిప్పి, నేను ప్రెస్సు మీద అచ్చు వేస్తాను. అప్పుడా పలక గట్టిగా పట్టుకుంటే బిస్కెట్టులా విరిగిపోతుంది. ఆ తర్వాత అది పెద్దమ్మ చేతికి వెళుతుంది. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పందొమ్మిదేళ్లుగా కొలిమి ఆవిడదే. నన్ను పనిలో పెట్టించిందీ ఆవిడే. హైడ్రోజన్ గ్యాసు నింపిన ఆ కొలిమిలో లోహం కరగదు. కరగకుండానే ఒక రేణువు పక్కదాన్ని అంటుకుని, అన్నీ ఒకటైపోతాయి. "పిల్లలు నిద్రలో ఒకరి మీద ఒకరు కాళ్లేసుకున్నట్టే" అంటుంది పెద్దమ్మ.

ఆ నెలలో వరసగా మూడు విడతలు పలకలు కారాయి. నీళ్లతొట్టిలో పెట్టి ఒక పక్కనుంచి గాలి వదిలితే బుడగలు వచ్చాయి. కారినవన్నీ కొలిమి లోపలి చివర కాలినవే.

"చివరిదాకా గ్యాసు అందట్లేదమ్మా. మీరు సరిగ్గా చూసుకోవట్లేదు" అన్నారు ఇంజినీరు గారు.

"నా కొలిమికి అజీర్తి లేదు సార్. పెట్టిందంతా అరిగించుకుంటుంది."

"సోమవారం నుంచి వేరేవాళ్లు చూస్తారు. మీరు ప్యాకింగుకి వెళ్లండి."

ఆయన వెళ్లగానే, పొడులు తూచే తూకం బాబాయి నవ్వాడు. "ప్యాకింగులో ఏసీ ఉంటుందక్కా. జాతకం తిరిగింది నీకు."

"ఆ ఏసీలో నువ్వు కూర్చో. పెరుగులా తోడుకుంటావు."

మాట విసిరింది గానీ, ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం డబ్బా మూత తీయలేదు. కొలిమి గోడకి వీపు ఆనించి, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చుంది.

నేను ప్రెస్సు దగ్గర అచ్చు తుడుస్తూ పలకలు పేర్చే వరస తలచుకున్నాను. కొలిమిలోకి తోసే ముందు పలకల్ని పొడవాటి పళ్లెంలో పేర్చేది నేనే. ముందు అచ్చైనవి తలుపు వైపు, ఆఖరున అచ్చైనవి లోపలి చివర. డ్రమ్ము నుంచి పొడి అడుగు గొట్టం గుండా దిగుతుంది. అంటే ఆఖరి పలకలు డ్రమ్ము పైభాగంలోని పొడితో చేసినవి.

నా చెయ్యి తుడవడం ఆపేసింది.

ఆ నెల నుంచి పొడి ఎక్కువగా కలపమన్నారు. తిప్పడం అయ్యాక డ్రమ్ము మూత పట్టేది కాదు. పొడి సర్దుకునేదాకా చుట్టూ అరచేత్తో తట్టేదాన్ని. పది దెబ్బలు, ఇరవై దెబ్బలు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

గోడకున్న అయస్కాంతం తీసి డ్రమ్ములో పైపొడి మీద పెట్టాను. క్రోమియం దానికి అంటదు, ఇనుమే అంటుతుంది. ఏదో నూగులాంటిది అంటుకుంది. అడుగు గొట్టంలోంచి గుప్పెడు తీసి పెట్టాను. నల్లటి గడ్డం మొలిచింది. సన్నటి ఇనుము నా దెబ్బలకి సందుల్లోంచి జారి జారి అడుగుకు దిగిపోయింది. పైన ఇనుము చాలని పొడి ఎంత కాల్చినా సందులు పూడేలా గట్టిపడలేదు.

వెళ్లి ఇంజినీరు గారి ముందు నిలబడ్డాను. పక్కనే పెద్దమ్మ ఉంది.

"తప్పు కొలిమిది కాదు సార్. డ్రమ్ము తట్టింది నేను."

"నోర్ముయ్యవే!" పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "దానికేం తెలుసు సార్, చేరి ఆరు నెలలు కాలేదు. నేను ప్యాకింగుకే పోతాలెండి."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఆ డ్రమ్ములో పొడితోనే అచ్చు వెయ్యి. ఈసారి తిరగేసి పేర్చు. ఆఖరివి తలుపు వైపు."

రెండు రోజుల తర్వాత చల్లారిన పలకలు తొట్టి దగ్గరికి వచ్చాయి. లోపలి చివర కాలినవి ముందు దించారు. నీళ్లు అద్దంలా ఉండిపోయాయి. తర్వాత తలుపు వైపువి. నా చేతులతో చేసిన పలకలు చెడిపోయి ఉండాలని కోరుకుంటూ నీళ్లకేసి చూశాను. ఎంతసేపో తెలియదు. కింద ఎక్కడో ఆవగింజంత బుడగ ఒకటి పలకని పట్టుకుని వేలాడింది. పెద్దదైంది. ఊడి, తొందరేం లేనట్టు పైకి వచ్చింది. దాని వెనకే ఇంకోటి.

"కొలిమి మీదేనమ్మా" అన్నారు ఆయన పెద్దమ్మతో. నా వైపు తిరిగి, "నువ్వు మూడు నెలలు ప్రెస్సు ముట్టుకోవద్దు. జల్లెడ దగ్గరికి వెళ్లు."

తలూపాను. జల్లెడ దగ్గర ఊరికే పొడి జల్లిస్తూ ఉండటమే పని.

కొలిమి దగ్గరికి వెళ్లాక పెద్దమ్మ నా వైపు తిరిగింది. "డ్రమ్ము తట్టడం ఎక్కడ నేర్చావే?"

"ఇంట్లో డబ్బాలో పిండి పోసేటప్పుడు నువ్వే తడతావుగా."

ఆవిడ నవ్వింది, ఆగి ఆగి, భుజాలు కదిలేలా.

"జల్లెడ పని నాలుక్కల్లా అయిపోతుంది. అవగానే ఇటు రా."

నాలుగింటికి వెళ్లాను. కొలిమి చివర గొట్టం దగ్గర, బయటికి వచ్చే హైడ్రోజన్ మండుతోందట. ఆ మంట రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పొచ్చట. నా కళ్లకి గాలి కాస్త వణకడం తప్ప ఏమీ లేదు.

"కనబడట్లేదు పెద్దమ్మా."

"నాకూ మొదటి ఏడాది కనబడలేదు. నిలబడు."

నిలబడ్డాను.