ఎడమ చేతి కోతలు

మా బావ మంగలి. కత్తెర పట్టినా కోతలే, నోరు తెరిచినా కోతలే. "నేను గడ్డం గీస్తుంటే కుర్చీలో మనిషి గురక పెట్టకపోతే నన్నడుగు" అనేవాడు. నిజంగానే కొందరు గురక పెట్టేవాళ్ళు. వాళ్ళని లేపడానికి బావ పడే అవస్థ చూసి పక్కవాళ్ళు నవ్వుకునేవారు. వీధిలో అందరూ ఆయన్ని 'కోతలాయన' అనేవారు. ఆ పేరు ఆయనకి బిరుదులా ఉండేది.

దుకాణం అద్దెది. దాని షట్టరు స్ప్రింగు ఎప్పుడో చెడిపోయింది. ఎత్తితే ముసలివాడిలా వణుకుతూ నిలబడేది. బాగు చేయించమని బిల్డింగు ఓనరుకి బావ చెప్పాడు, అక్క చెప్పింది, పై అంతస్తు దర్జీ కూడా చెప్పాడు. "వచ్చే నెల చూద్దాం" అనేవాడాయన. ఆ వచ్చే నెల మాత్రం ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున బావ షట్టరెత్తి, గడప మీద పడున్న పేపరు తీద్దామని వంగాడు. షట్టరు ధడాలున దిగి కుడిచేతి మీద పడింది.

డాక్టర్లు మూడు వేళ్ళు తీసేశారు. మిగిలిన రెండూ చెంచా పట్టుకుంటాయి గానీ కత్తెర పట్టవు. ఓనరు ఆసుపత్రికి పళ్ళు తెచ్చాడు. పళ్ళతోపాటు నీతి కూడా తెచ్చాడు. "కాస్త చూసుకుని ఎత్తాల్సింది కదయ్యా!"

"పళ్ళు అక్కడ పెట్టి, మీరు దయచెయ్యండి" అంది అక్క. "మిగతాది కోర్టులో మాట్లాడుకుందాం."

మాకు దొరికిన లాయరమ్మ చిన్నపిల్లే గానీ గట్టిది. కేసు వేశాక మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"బాబాయ్‌గారూ, వాళ్ళ లాయరు ఒక్కటే పట్టుకుంటాడు. ఈయనకి ఎడమ చెయ్యుంది, పని చేసుకోగలడు, నష్టమేమీ లేదంటాడు. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు. గొప్పలు మాత్రం వద్దు."

"నేనా! గొప్పలా!" అన్నాడు బావ. అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

ఎందుకంటే అప్పటికే వీధిలో ఎవరు పలకరించినా బావ జవాబొకటే. "కుడిచెయ్యి పోతే పోయింది, ఈ ఎడమది దానికి తాతయ్యా!" ఆ మాట నిజం చెయ్యాలని వాయిదాకి ముందు ఆదివారం నన్ను పిలిచాడు.

"రారా బామ్మర్దీ, జుట్టు పెరిగింది."

"వద్దు బావా, ఇంకా పెరగనీ."

"నా మీద నమ్మకం లేదా?"

అలా అడిగితే ఏం చెబుతాం? కూర్చున్నాను. పని పూర్తయ్యాక అద్దం తియ్యలేదు బావ. అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, లోపలికెళ్ళి ఒక టోపీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

కోర్టులో అనుకున్నంతా అయింది. వాళ్ళ లాయరు తేనె పూసిన గొంతుతో మొదలెట్టాడు. "మీ ఎడమ చెయ్యి కుడిచేతికి తాతని మీరే వీధిలో చెప్పారట కదండీ?"

లాయరమ్మ బావ వైపు చూసింది. అక్క కళ్ళు మూసుకుంది.

"చెప్పానండీ" అన్నాడు బావ, ఛాతీ పొంగించి.

"అంటే కటింగు చెయ్యగలరన్నమాట."

"చెయ్యగలనా ఏంటండీ! చేశాను కూడా."

ఆ లాయరు పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ కూర్చున్నాడు. మా లాయరమ్మ లేచి, "ఎవరికి చేశారు?" అని అడిగింది.

"అదిగో, మా బామ్మర్దికి."

ఇక తప్పలేదు. జడ్జిగారు రమ్మంటే ముందుకెళ్ళి టోపీ తీశాను. హాలు మొత్తం గొల్లున నవ్వింది. కుడివైపు నున్నగా బోడి, ఎడమవైపు చిట్టడివి, నడినెత్తి మీద ఎలకలు కొట్టిన చాప. జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అయ్యా, ఇది కేసు కోసం కావాలని పాడుచేయించుకున్న జుట్టు!" అని వాళ్ళ లాయరు ఎగిరి లేచాడు.

బావకి ఒళ్ళు మండింది. "కావాలని పాడుచెయ్యడమేంటండీ! నా శాయశక్తులా కత్తిరించాను!"

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు. బావ కూడా తను ఏమన్నాడో అప్పుడే విన్నట్టున్నాడు. జడ్జిగారు మెల్లగా అడిగారు. "మీ గడ్డం ఎవరు గీస్తున్నారు?"

బావ తల దించి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"మా ఆవిడండీ" అన్నాడు. "చొక్కా గుండీలూ ఆవిడే పెడుతుంది. ఈ చెయ్యి మాత్రం ఖాళీగా కూర్చుంటే కత్తెర ఆడిస్తూనే ఉంటుందండీ. వేళ్ళు లేవని దానికింకా తెలీదు."

అన్నేళ్ళలో బావ కోతలు కొయ్యకుండా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. టోపీ పెట్టుకోవడం కూడా మర్చిపోయాను.

తీర్పు మా వైపే వచ్చింది. తప్పు ఓనరుదేనని, పోయిన బతుకుతెరువుకి పరిహారం ఇవ్వాల్సిందేనని రాశారు. ఓనరు పై కోర్టుకెళ్ళాడు. అక్కడ కాస్త తగ్గించినా, చివరికి చెల్లించక తప్పలేదు. ఆ డబ్బుతో ఇంకో వీధిలో చిన్న గది కొన్నారు. తలుపు కొయ్యది, పక్కకి తెరుచుకునేది. అక్కే దగ్గరుండి పెట్టించింది.

కత్తెర కూడా అక్కే పట్టింది. రోజూ మొగుడి గడ్డం గీసీ గీసీ చెయ్యి కుదిరింది. బావ పక్కన నిలబడి నేర్పుతాడు. మొదటిరోజు కుర్చీలో కూర్చున్నది ఒక రిటైరైన మాస్టారు.

"చెవి దగ్గర అలా కాదే, కొంచెం వంచు!"

"మీరు కాస్త నోరు మూసుకుంటారా?"

"కత్తి అలా పడితే..."

"అమ్మా, బాబూ" అన్నారు మాస్టారు, కదలకుండా. "మీ పోట్లాట తర్వాత పెట్టుకోండి. కత్తి నా మెడ మీదుంది."

పని పూర్తయింది. బావ మాస్టారి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెడ దగ్గర వంగి చూశాడు, చెవుల వెనక చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"బాగానే ఉంది" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

"ఏంటీ? మళ్ళీ చెప్పండి" అంది అక్క.

"చెవుడా నీకు?" అని కసిరి, ఎడమ చేత్తో చీపురందుకుని నేలమీది జుట్టు ఊడవడం మొదలెట్టాడు బావ.