వేళ్ళ ఆట

సుద్దముక్క అరిగిపోయి గోరు సిమెంటుకు రాసుకుంటున్నా బంతి సారు చెయ్యి ఆపలేదు. తాడు ఒక చివర మోకాలి కింద నొక్కిపెట్టి, రెండో చివర కట్టిన సుద్దతో ఆటస్థలం మీద ఆరో వృత్తం పూర్తి చేసి, ఏడోదానికి జరిగాడు. ఒక్కొక్క వృత్తం ఒక్కొక్క గూడు. కాసేపట్లో ఇరవై మంది పిల్లలు వచ్చి ఒకరి గూట్లోంచి ఒకరు బంతులు దొంగిలించుకుంటారు. దొంగిలించిన బంతిని చంకలో పెట్టుకుని పారిపోవడానికి లేదు, నేలకు కొట్టుకుంటూనే తెచ్చుకోవాలి. అలా నెల తిరిగేసరికి, బంతిని అదుపులో పెట్టుకోవడం ఎలాగో ఒక్క ముక్క చెప్పకుండానే, దొంగతనం మరిగిన ఆ చేతులకు బంతి అలవాటైపోతుంది. ఇరవై రెండేళ్ళుగా అతను బాస్కెట్‌బాల్ నేర్పుతున్నది ఇలాగే. వరసలో నిలబెట్టి పాఠం చెప్పడం అతనికి చేతకాదు. చేతనైతే ఈపాటికి ఏ పెద్ద జట్టుకో కోచ్ అయ్యేవాడు కదా అని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళు పెద్దగా లేరు.

తాడు, సుద్ద ఉంటే కళ్ళు మూసుకున్నా వృత్తం గుండ్రంగానే వస్తుంది. కళ్ళు మూసుకున్నా అని ఊరికే అనడం లేదు. రెండేళ్ళ నుంచి అతని చూపు మధ్యలో ఒక మసక ముద్ద తిష్ఠ వేసింది. దేన్ని చూడబోతే దాన్నే మింగేస్తుంది. మనిషి మొహం వైపు చూస్తే మొహం పోయి చెవులు మిగులుతాయి. తల పక్కకు తిప్పితే అంచున ఏదో కాస్త ఆనుతుంది. కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, "పోయింది తిరిగి రాదు. అంచులు మాత్రం ఉంటాయి లెండి" అన్నాడు, ఆ అంచులేవో తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు.

బంతి సారు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేందుకు ఉన్నది ఒక్క అక్క. ఆమె ఇంట్లో, మెట్ల కింద గదిలో అతని మంచం. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని పట్టుబట్టినవాళ్ళూ లేరు. బావ మంచివాడే, కాకపోతే నవ్వుతూ మాట్లాడే అలవాటుంది. "కూర్చుని తినేవాళ్ళకి మా ఇంట్లో కుర్చీ లేదు" అని ఒకసారి నవ్వాడు. ఆ మాటన్న దగ్గర్నుంచీ అతను ఆ ఇంట్లో టీ కూడా నిలబడే తాగుతున్నాడు.

ఆ పొద్దున కూడా గుమ్మంలో నిలబడి తాగుతుంటే అక్క గ్లాసు కోసం చెయ్యి చాపి, గొంతు తగ్గించి అంది.

"ఇవాళేగా మీ మేడమ్ వచ్చి చూసేది? ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యరా తమ్ముడూ. ఇంకో ఏడాదికి సంతకం పెట్టించుకో. మెట్ల కింద గదిని మీ బావ సామాన్ల గది చేద్దామంటున్నారు. నీకు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను ఆపగలను."

ఉద్యోగం లేకపోతే ఆపలేనని విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

బడిలో హెడ్ మేడమ్ స్వయంగా వచ్చి చూడటానికి కారణం ఉంది. పోయిన నెల అతను విసిరిన బంతి, పక్కకు తిరిగి ఉన్న ఒక పిల్లవాడి ముక్కుకు తగిలి రక్తం వచ్చింది. వాడు ఇటు తిరిగి ఉన్నాడనుకున్నాడు అతను. తండ్రి ఉత్తరం రాశాడు. మేడమ్ పిలిపించి, "ఒకసారి మీ క్లాసు చూస్తాను మాస్టారూ, బాగుంటే అక్కడే సంతకం పెట్టేస్తాను. మీ వేళ్ళ ఆట గురించి అందరూ చెప్తున్నారు, అది తప్పకుండా ఆడించండి" అంది.

మిగతా ఆటలకు అతనికి కళ్ళు అక్కర్లేదు. నడుముకు గుడ్డపీలిక దోపుకుని, బంతి కొట్టుకుంటూనే ఒకరి తోక ఒకరు పీక్కునే ఆట ఉంది. అందులో ఎవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో అతను చెవితో పట్టేస్తాడు. అరచేత్తో కొట్టిన బంతి చప్పుడు వేరు, వేళ్ళతో నొక్కిన బంతి చప్పుడు వేరు. "ఎవరది చపాచపా బాదుతున్నది, బంతి ఏం పాపం చేసింది?" అని అటు తిరగకుండానే అంటాడు. పిల్లలు సారుకు వీపున కళ్ళున్నాయని చెప్పుకుంటారు. ముందున్నవి పోయాయని మాత్రం వాళ్ళకు తోచదు.

వేళ్ళ ఆటతోనే చిక్కు. పిల్లలు బంతి కొడుతూ కిందికి చూడకూడదు. సారు దూరంగా నిలబడి వేళ్ళు ఎత్తుతాడు, ఎన్నో అరిచి చెప్పాలి. తల ఎత్తి ఆడటం అలా వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో సార్ వంతు. సారు బంతి కొడతాడు, పిల్లలు వేళ్ళు ఎత్తుతారు. తప్పు చెబితే సారు స్థలం చుట్టూ పరిగెత్తాలి. పూర్వం వాళ్ళ నవ్వు కోసం ఒకటి రెండుసార్లు కావాలనే తప్పు చెప్పేవాడు. చూపు పోయిన కొత్తలో వరసగా నాలుగు రోజులు ఓడిపోయాడు. నాలుగో రోజు ఎవరూ నవ్వలేదు. ఆట మానేద్దామంటే, ఎందుకు మానేశాడని పిల్లలు ఇంటికెళ్ళి అడుగుతారు.

ఐదో రోజు, పక్కన బంతి కొడుతున్న ఒక పిల్ల పెదవులు కదలకుండా "రెండు" అంది. అతను "రెండు" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకు అప్పుడు ఏడేళ్ళు. పిడికెడు మనిషి, అందరూ పిచ్చుక అంటారు. అతను కృతజ్ఞత చెప్పలేదు. మర్నాడు అందరి ముందూ, "పిచ్చుక ఇకనుంచి నా పక్కన ఉంటుంది, బంతులు అందించడానికి" అన్నాడు. అంతే, రెండేళ్ళు గడిచిపోయాయి. బంతి నేలను తాకే చప్పుడు కింద అంకె చెప్పడం ఆ పిల్లకు ఎంత అలవాటైందంటే, ఆనుకుని నిలబడినవాళ్ళకు కూడా వినపడదు.

పిచ్చుకకు తొమ్మిదేళ్ళు నిండాయి. తొమ్మిది నిండి చెయ్యి తిరిగిన పిల్లలు పెద్ద గ్రూపుకు వెళ్తారు. అక్కడ చొక్కా మీద అంకె ఉంటుంది, వేరే బళ్ళకు వెళ్ళి మ్యాచ్‌లు ఆడతారు. ఆ పిల్ల నిద్రలో కూడా ఆ అంకెల చొక్కానే కలవరిస్తోందని తల్లి చెప్పింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి ఆమె, పని మధ్యలో తడిచేతులతోనే వచ్చి అడిగింది.

"మా పిల్ల ఈసారి వెళ్తుందా సార్?"

"ఇంకా ఎడమ చెయ్యి ఆడట్లేదమ్మా. ఒక్క ఏడాది ఆగండి" అన్నాడు బంతి సారు.

పచ్చి అబద్ధం. ఇరవై రెండేళ్ళలో అతని చేతి కింద నేర్చుకున్న పిల్లల్లో అంత మంచి ఎడమ చెయ్యి ఇంకొకటి లేదు. చెవితో విని చెప్పగలడు ఆ మాట. కానీ ఆ పిల్ల వెళ్ళిపోతే అతని కళ్ళు వెళ్ళిపోయినట్టే. పెద్ద గ్రూపుకు పన్నెండు పేర్లు గుమాస్తాకు నోటితో చెప్పి రాయించాడు. పదమూడోది అడిగితే, "అంతేనయ్యా" అన్నాడు. లిస్టు రేపు గోడకు అంటించమన్నాడు, ఇవాళ్టి గండం గడిచాక.

గుమాస్తా పని మిగుల్చుకునే రకం కాదు. ఆ పొద్దునే అంటించేశాడు. బంతి సారు సుద్ద పట్టుకుని ఆ గోడ పక్కనుంచే ఆటస్థలానికి నడిచి వచ్చాడు. అతనికి గోడ కనిపించింది, కాగితం కనిపించలేదు.

పిల్లలందరికంటే ముందు పిచ్చుక వచ్చింది. వృత్తాల బయట నిలబడింది.

"ఇవాళ చాలా జాగ్రత్తగా ఉండాలమ్మా" అన్నాడు అతను, దుమ్ము దులుపుకుంటూ లేచి. "మేడమ్ చూస్తారు. ఇవాళ ఒక్కరోజు బాగా చెప్పావనుకో, రేపు పెట్టే లిస్టులో నీ పేరే మొదట ఉంటుంది. నేనే రాయించాను."

పిల్ల మొహం ఎలా ఉందో చూసే వీలు అతనికి లేదు.

"రేపు పెడతారా సార్?"

"రేపే. నా మాట మీద నమ్మకం లేదా?"

"సరే సార్" అంది.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గీత మీద నిలబడి చూసింది. గూళ్ళ ఆటలో పిల్లలు చెమటలు కక్కేలా దొంగతనాలు చేశారు. తోకల ఆటలో ఒక బొద్దు పిల్లవాడు, ఎప్పుడూ ముందుగా తోక పోగొట్టుకునేవాడు, ఆ రోజు మూడు తోకలు పీకాడు. బంతి సారు వాడి చెయ్యి మారిన చప్పుడు విని, "ఇప్పుడు కదా వేళ్ళు వచ్చింది" అన్నాడు. మేడమ్ నవ్వడం అతనికి వినిపించింది. ఆ నవ్వుకు అతని గుండె కుదుటపడింది. మెట్ల కింద మంచం ఇంకో ఏడాది అక్కడే ఉంటుందనుకున్నాడు.

వేళ్ళ ఆటలో పిల్లల వంతు అయింది. సార్ వంతు వచ్చింది. మేడమ్‌నే వేళ్ళు ఎత్తమని పిల్లలు గోల చేశారు. ఆమె సరదాపడి ఎదురు గీత మీదికి వెళ్ళి నిలబడింది. అతను బంతి కొట్టడం మొదలుపెట్టాడు. పక్కన పిచ్చుక కూడా.

"మూడు" అంది పిచ్చుక, బంతి చప్పుడు కింద.

"మూడు" అన్నాడు. చప్పట్లు.

"ఐదు."

"ఐదు. అంత సులువైతే ఎలా మేడమ్?" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

మేడమ్‌కు ఇక చాలనిపించింది. చేతులు కట్టుకుంది. సంతకం పెట్టేద్దామనే అనుకుంటోంది కూడా.

"నాలుగు" అంది పిచ్చుక, అదే గొంతుతో, అదే అలవాటుగా.

"నాలుగు" అన్నాడు బంతి సారు. అక్కడితో ఊరుకోలేదు. చాలాకాలం తర్వాత కాస్త ధీమా వచ్చింది కదా, "బొటనవేలు దాచారు, నేను చూడననుకున్నారా?" అని కూడా అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇరవై మంది పిల్లలు కట్టుకుని ఉన్న మేడమ్ చేతుల వైపు చూశారు. తర్వాత బొద్దు పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు, పొట్టలు పట్టుకుని, గుడ్డపీలికలు ఊపుకుంటూ. ఎందుకు నవ్వుతున్నారో తెలియక బంతి సారు కూడా వాళ్ళతో కాస్త నవ్వాడు.

మేడమ్ దగ్గరికి నడిచి వచ్చింది. మొహానికి మూరెడు దూరంలో ఏదో పట్టుకుంది.

"ఇవి ఎన్ని వేళ్ళు మాస్టారూ?"

అతను తల పక్కకు తిప్పాడు. అంచున సన్నగా ఏదో ఆనింది. "ఒకటి" అన్నాడు.

"ఇది పెన్ను" అంది ఆమె.

అప్పుడు బంతి సారు చేసిన పని చెప్పడానికే సిగ్గుగా ఉంటుంది. చెయ్యి చాపి పిచ్చుక ఉన్న వైపు చూపించి, "ఈ పిల్ల కావాలనే తప్పు చెప్పింది మేడమ్" అన్నాడు.

"అంటే రోజూ ఈ పిల్లే చెప్తుందా?"

మేడమ్ పిల్ల వైపు తిరిగింది.

"అవును మేడమ్" అంది పిచ్చుక. "సార్‌కి కనిపించదు. రెండేళ్ళయింది."

"మరి ఇవాళ ఎందుకు తప్పు చెప్పావు?"

"లిస్టు పొద్దున్నే పెట్టేశారు. అందులో నా పేరు లేదు. సార్ ఉందన్నారు." పిల్ల బంతిని పొట్టకు హత్తుకుంది. "నాకు ఎడమ చెయ్యి ఆడదని మా అమ్మకి చెప్పారు."

"నిజమేనా? ఆడదా?" అని మేడమ్ అతన్ని అడిగింది.

ఒక్క మాట. ఆడుతుంది అంటే చాలు. కానీ ఆడుతుందంటే ఎందుకు ఆపావని అడుగుతుంది. ఉద్యోగం ఎలాగూ పోతోందని అప్పటికే అతనికి తెలుసు. అబద్ధాలకోరనే పేరు కూడా ఎందుకనుకున్నాడు.

"ఇంకా సాధన కావాలి మేడమ్" అన్నాడు.

"అయితే వచ్చే ఏడాది చూద్దాంలే" అని మేడమ్ పిల్ల తల నిమిరింది. పిచ్చుక ఏడవలేదు. బంతిని కింద పెట్టి, నీళ్ళ కుళాయి వైపు వెళ్ళిన మిగతా పిల్లల్లో కలిసిపోయింది.

ఆ తర్వాత మాటలు ఎంతోసేపు సాగలేదు. మేడమ్ కసురుకోలేదు. పిల్లల దెబ్బలకు రేపు ఎవరు సమాధానం చెప్తారని మాత్రం అడిగింది. ఈ పూట నుంచే పెద్ద గ్రూపు కోచ్ చూసుకుంటాడంది. "క్లాసు ఇంకో పావుగంట ఉంది, ముగించి వెళ్తాను" అని బంతి సారు అడిగాడు. "వద్దు మాస్టారూ" అంది ఆమె. ఆ వద్దులో జాలి ఉంది, అది కసురు కంటే ఎక్కువ తగిలింది.

అతను సంచీ భుజాన వేసుకుని, వరండాలోకి వచ్చి, గోడ దగ్గర ఆగాడు. వెనక ఆటస్థలంలో కొత్త గొంతు పిల్లల్ని వరసలో నిలబడమంటోంది. ఇరవై బంతుల చప్పుడులో ఒక చప్పుడు అతనికి విడిగా వినిపించింది. ఎడమ చేత్తో, తొణక్కుండా, నేలను అడిగి పుచ్చుకుంటున్నట్టు. విన్నాడు. ఇంతసేపూ లేని సిగ్గు అప్పుడు వచ్చింది, ఎవరూ చూడని చోట.

గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. వరండాలో ఎవరూ లేరు. బంతి సారు గోడకు అంటించిన కాగితం అంచు తడిమి పట్టుకున్నాడు. వేలితో కిందికి జారుతూ వచ్చి, రాత అయిపోయిందనుకున్న చోట ఆగి, జేబులోంచి కలం తీశాడు. పిచ్చుక అని కాదు, ఆ పిల్ల అసలు పేరు, ఇంటిపేరుతో సహా, తాను పలక మీద నేర్చుకున్నప్పటి గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు. కింద తన సంతకం పెట్టాడు. తర్వాత గేటు దాటి వెళ్ళిపోయాడు. అక్క ఇంటి వైపు వెళ్ళాడో లేదో బళ్ళో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు.

పెద్ద గ్రూపు వారం తర్వాత పన్నెండు మందితోనే మ్యాచ్‌కు బయల్దేరింది. గోడ మీద, లిస్టుకు జానెడు పక్కన అంటించి ఉన్న బస్సు వేళల కాగితం కింద, ఆఖరి బస్సు వేళ తర్వాత, గుండ్రటి అక్షరాలతో ఒక పిల్ల పేరు ఉంది.