పడవలో చేపల లెక్క

డెలానీపూర్ మిట్ట మీది తెలుగు బడిలో చదివే పిల్లలకు లెక్కలు రావు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఈ మాట నమ్మనివాళ్లు లేరు. బజార్లో బియ్యం కొట్టు వాడు అనేవాడు, కచేరీల్లో గుమాస్తాలు అనేవారు, చివరకు ఆ పిల్లల్ని కన్నవాళ్లూ అదే అనేవారు. కారణాలు మాత్రం ఎవరికి తోచినవి వారివి. బడి బావి నీళ్లలో సున్నం ఎక్కువ అని కొందరు, సముద్రపు గాలికి బుర్ర మందగించిందని కొందరు, వీధిలో హిందీ మాట్లాడే పిల్లలకు తెలుగులో ఎక్కాలు చెబితే ఎలా ఎక్కుతాయని మరికొందరు. ఒక్క మాటకు ఇన్ని కారణాలు పుట్టుకొచ్చాయంటే, వాటిలో ఒక్కదాన్నయినా ఎవరూ పరీక్షించి చూడలేదన్నమాట.

ఆ బడి పెద్దపంతులమ్మ సంతోషకుమారి కూడా ఆ మాటను సగం నమ్మింది. ఆమె తండ్రి జీవానందం హార్బర్ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం తెలుగు ఆరాధనలో వాక్యం చదివేవాడు. పుట్టింది దీవుల్లోనే అయినా ఆమెకు పడవల బతుకు తెలియదు. ఆమె పిల్లలేమో దాదాపు అందరూ జంగ్లీఘాట్ జాలరి ఇళ్లవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు, కుండలు మోసుకుని ఓడెక్కి వచ్చినవారి సంతానం. బడిలో ఆ పిల్లలు గుణకారాలు గలగలా చెప్పేవారు. కాని ఏడాదికోసారి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు సత్యారావు ఎదుట నోరు కుట్టేసినట్టు నిలబడేవారు. తన ముందు వచ్చిన లెక్క దొర ముందు రాకపోతే, అది వచ్చినట్టా రానట్టా? 

సత్యారావు చెడ్డవాడు కాడు. రాజమండ్రి వైపు మనిషి, చదువంటే ప్రాణం పెట్టేవాడు. పుస్తకంలోని లెక్కలు పిల్లల బతుకుకు దగ్గరగా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. జాలరి పిల్లలను పొలాల వైశాల్యం అడగడం అన్యాయమని, వాళ్ల కోసం ప్రత్యేకంగా లెక్కలు కట్టుకుని వచ్చేవాడు. అయినా మూడేళ్లుగా ఆయన నివేదికలో అంకగణితానికి ఎదురుగా పడుతున్నది సున్నాయే.

ఆ ఏడు ఆ సున్నాకు కాళ్లొచ్చాయి. దీవుల విద్యా సహాయ సంఘమని ఒకటి కొత్తగా ఏర్పడి, ఫీజు చీటీల పథకం తెచ్చింది. నడవని బడిని పట్టుకుని వేలాడడం దేనికి? దాని మీద పెట్టే ఖర్చును చీటీలుగా తల్లిదండ్రుల చేతికే ఇస్తే, ఆ చీటీ చూపి తమకు నచ్చిన ప్రైవేటు బడిలో పిల్లలను చేర్పిస్తారు. బడులు పిల్లల కోసం పోటీ పడతాయి, చదువు బాగుపడుతుంది. తెలుగు బడిని మూసి, అక్కడి నుంచే పథకాన్ని మొదలుపెట్టవచ్చునా అని తేల్చడానికి బడి ఆవరణలోనే సభ పెట్టారు. సత్యారావు అందరి ఎదుటా పిల్లల్ని పరీక్షిస్తాడు. ఫలితాన్ని బట్టి నిర్ణయం.

చీటీ మాట వినగానే ఎగిరి పడేంత తొందర సంతోషకుమారికి లేదు. అందులో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. వానాకాలం మూడో తరగతి గదిలో గొడుగు పట్టుకుని పాఠం చెప్పవలసి వచ్చే బడి నుంచి బిడ్డను తీసుకుపోతానన్న తండ్రిని ఎలా తప్పు పడుతుంది? ఆమె బెంగ వేరే. చీటీ ఫీజు కడుతుంది గాని బస్సు ఎక్కించదు. ప్రైవేటు బడి ఉన్నది గరాచర్మలో. అంత దూరం మగపిల్లల్ని పంపుతారు, ఆడపిల్లల్ని చేపలు ఏరడానికి కూర్చోబెడతారు. అయిదో తరగతిలో ముసలమ్మ అని ఒక పిల్ల ఉండేది. నాయనమ్మ పేరు పెట్టారు పాపం. దొరలందరూ ఆ పేరు విని నవ్వేవారు. లెక్క చెప్పేలోపు జవాబు చెప్పే పిల్ల. బడి మూసిన మరునాడు ఆ పిల్ల చేతికి బుట్ట వస్తుంది. సంతోషకుమారికి సభ అంటే ముసలమ్మ.

కంగారులో ఆమె ఒక మంచి పని చేసింది: ఊహించడం మానేసి, పరీక్షించడం మొదలుపెట్టింది.

దొర అంటే భయమేమో చూద్దామని, తండ్రికి తెలిసిన ఒక ఓడ ఆఫీసరును యూనిఫారంతో సహా పిలిపించి లెక్కలడిగించింది. పిల్లలు జవాబులు చెప్పడమే కాక ఆయన టోపీ కూడా పెట్టుకుని చూశారు. సత్యారావు గోదావరి యాస అర్థం కాలేదేమోనని తానే ఆ యాసలో సాగదీసి అడిగింది, నవ్వుకుంటూనే చెప్పారు. ఇక మిగిలింది లెక్కే. పోయినేడు సత్యారావు అడిగిన లెక్కను గుర్తు తెచ్చుకుని, ఉన్నదున్నట్టు అడిగింది. సముద్రం మీద మీ నాన్న పడవలో నలభై ఎనిమిది చేపలు పడ్డాయి, ఆరుగురు పంచుకుంటే తలా ఎన్ని?

గది చల్లబడిపోయింది. ముసలమ్మ తల వంచుకుంది. పక్కన కూర్చున్న పిల్ల కళ్లలో నీళ్లు.

సంతోషకుమారి అదే లెక్కను మళ్లీ ఎత్తుకుంది. ఒక్క ముక్క మార్చింది. చేపలు తీసేసి కొబ్బరికాయలు పెట్టింది. ఎనిమిది అని గదంతా అరిచింది. బజారు తట్టలో చేపలంది, మళ్లీ ఎనిమిది. నీళ్ల మీద పడవలో చేపలంది, మళ్లీ మౌనం. అంకెలు అవే, భాగహారం అదే. చేప పడవలో ఉన్నంతసేపూ లెక్క రావడం లేదు, ఒడ్డెక్కగానే వస్తోంది.

ఆ సాయంత్రమే ఆమె జంగ్లీఘాట్ దిగి ముసలమ్మ నాయనమ్మ చెల్లెలు గురువమ్మ ఇంటికి వెళ్లింది. గురువమ్మ వల బాగుచేస్తూ అంతా విని, ఈమె వంక జాలిగా చూసింది.

“దీదీ, నువ్వింత సదువుకున్నావు, ఇదీ మాలూమ్ నేదేటి? పడవ నీళ్ల మీదుండగా సేపలకి హిసాబ్ సెప్తే గంగమ్మ తల్లి ఆ లెక్కకి మనిషిని పట్టుకుంటాది. అయ్య సంద్రం మీదుండగా ఏ గుంట నోరిప్పుద్ది?”

మరి ఈ సంగతి పిల్లలు ఇళ్లలో ఎందుకు చెప్పలేదని సంతోషకుమారి అడిగింది. అడిగిన లెక్కను ఇంట్లో తిరిగి చెప్పడమూ దోషమేనట. అందుకే కన్నవాళ్లకు తెలిసింది సున్నా ఒక్కటే. సున్నా ఎలా వచ్చిందో తెలియలేదు. నోటితో చెప్పకపోతే పోనీ, పలక మీద రాయవచ్చునా అని పంతులమ్మ మెల్లగా అడిగింది. గురువమ్మ సూది ఆపింది.

“రాసుకోమను. గంగమ్మ తల్లి సదువుకోనేదు కదా,” అంది.

ఆ నమ్మకం నిజం కాదని సంతోషకుమారికి తెలుసు. లెక్కపెట్టిన పడవలూ లెక్కపెట్టని పడవలూ ఒకే గాలికి మునుగుతాయి. కాని తండ్రి నీళ్ల మీద ఉండగా ఆ వాదన ఒక పిల్ల ముందు పెట్టడం చదువు కాదని కూడా ఆమెకు తెలుసు. దానికి వేరే రోజులున్నాయి. ప్రస్తుతం తేలవలసింది గంగమ్మ సంగతి కాదు, భాగహారం సంగతి.

సభనాడు ఆవరణ నిండిపోయింది. సంఘం వాళ్లు కుర్చీల్లో, జంగ్లీఘాట్ జనం నేల మీద. చీటీల తరఫున గట్టిగా మాట్లాడినవాడు పెద్దబ్బాయి అనే జాలరి. రెండు పడవల ఆసామి, జనంలో మాట చెల్లుబాటయ్యేవాడు. కొడుకును ఓడ మీద ఉద్యోగంలో చూడాలని ఆయన కోరిక. ఆయన అన్నది అబద్ధమూ కాదు: కప్పు కారుతోంది, ఇంగ్లీషు లేదు, పంతుళ్లు చాలరు. అంతటితో ఆగితే బాగుండేది. కాని, ఈ బడి గోడల్లోనే మందబుద్ధి ఉందని, ఇక్కడ ఏ బచ్చాకీ లెక్క రాదని, సర్కారు వారి కాగితమే ఆ మాట చెబుతోందని కూడా అన్నాడు. నేల మీది తలలన్నీ ఊగాయి.

సత్యారావు లేచి ముసలమ్మను పిలిచాడు. ఎంతో ప్రేమగా, తాను తయారు చేసుకున్న లెక్కను అడిగాడు. సముద్రం మీద పడవ, అందులో చేపలు, పంచుకునే మనుషులు. ముసలమ్మ నేల చూసింది. కుర్చీల్లో ఒకరు నిట్టూర్చారు. చూశారా అన్నట్టు పెద్దబ్బాయి చేతులు చాచాడు గాని, ఆ చేతులు సగంలో ఆగాయి. ఆ లెక్కను ఆయన వినడం అదే మొదలు. నేల మీది జనంలో ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు.

సంతోషకుమారి ముందుకు వచ్చింది.

“సార్, అదే లెక్క పెద్దబ్బాయి అన్నయ్యను ఒకసారి అడగండి. పడవ మాత్రం ఆయనదే అనుకోండి.”

సత్యారావు అయోమయంగానే అడిగాడు. పెద్దబ్బాయి పడవ ఆ పూట తమ్ముడు నూకన్నతో నీళ్ల మీద ఉంది. చేపలను వేలంలో కనుచూపుతో తూచే మనిషి, షావుకార్లను నోటిలెక్కతో ఓడించే మనిషి, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

“ఏం అన్నయ్యా, నీకూ లెక్కలు రావా?” అంది పంతులమ్మ. “నువ్వూ మా బడిలోనే చదివావేమిటి?”

ముందు గురువమ్మ నవ్వింది. తరువాత నేలంతా నవ్వింది. ఆ నవ్వు కుర్చీల దాకా పాకింది గాని, అక్కడివాళ్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు.

“నూకన్న ఇంకా ఒడ్డెక్కనేదమ్మా,” అన్నాడు పెద్దబ్బాయి, గొంతు తగ్గించి. “ఆ మాట నా నోట రాదు.”

“ముసలమ్మ నాన్న కూడా ఎక్కలేదు,” అంది సంతోషకుమారి.

అప్పుడామె తాను చేసిన పరీక్షను ఒక్కొక్క మెట్టూ వివరించింది. యూనిఫారం, యాస, కొబ్బరికాయలు, తట్టలో చేపలు. ఎవరినీ తప్పు పట్టలేదు. విన్నది నమ్మవద్దని, ఇప్పుడే ఇక్కడే చేపను మార్చి అడిగి చూడమని మాత్రం కోరింది. సత్యారావు ముఖం ఎర్రబడింది. అయినా ఆయన నిజం ఎదురైతే పక్కకు తప్పుకునే రకం కాదు. కాస్త పంతం కూడా వచ్చింది కాబోలు, ఈసారి లెక్కను గట్టిగానే కట్టాడు. ఫెరార్‌గంజ్ నుంచి లారీలో పదిహేను బస్తాల కొబ్బరికాయలు వచ్చాయి. బస్తాకు ముప్పై ఆరు. అందులో అయిదో వంతు కుళ్లిపోయాయి. మంచివి ఎన్ని?

“నాలుగొందల ముప్పై రెండు,” అంది ముసలమ్మ. ఆయన కాగితం మీద ఇంకా గుణిస్తున్నాడు. “అయినా పీసు తియ్యని కాయలైతే బస్తాకి అన్ని పట్టవు సాబ్.”

ఆయన గుణకారం ముగించి, జవాబు సరిచూసుకుని, కళ్లజోడు తీశాడు. మరొక పిల్లను పిలిచాడు, ఇంకొక పిల్లవాణ్ని పిలిచాడు. అరటి గెలలు, కిరోసిన్ డబ్బాలు, కలకత్తా ఓడ దిగే ప్రయాణికులు, ఏది అడిగినా జవాబు తడుముకోకుండా వచ్చింది. ఒక్కొక్క జవాబుకూ నేల మీది జనం కొంచెం కొంచెంగా నిటారుగా కూర్చున్నారు. కొందరు లేచి నిలబడ్డారు. తన కూతురు కాళమ్మ భాగహారం చెబుతుంటే పెద్దబ్బాయి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. మూడేళ్లు తాను కట్టుకొచ్చిన లెక్కే తప్పని, పిల్లలది కాదని, నివేదిక తిరిగి రాస్తానని సత్యారావు సభలోనే చెప్పాడు. అంత మాట అనగలిగిన అధికారికి ఆ రోజు పిల్లలతో సమానంగా చప్పట్లు పడ్డాయి.

బడి మూసే మాట అక్కడితో పోయింది. చీటీలు కావలసినవారికి ఇమ్మని, కాని బడి కప్పుకు, మరొక పంతులుకు కూడా డబ్బు మంజూరు చేయమని సంఘం తీర్మానించింది. పెద్దబ్బాయి తన కొడుక్కి చీటీ తీసుకుని గరాచర్మ బస్సెక్కించాడు. అది ఆయన హక్కని సంతోషకుమారి బదిలీ కాగితం మీద నవ్వుతూ సంతకం పెట్టింది. కాళమ్మను మాత్రం ఇక్కడే ఉంచాడు. వాన పడితే మూడో తరగతి గదిలో గొడుగు అవసరం లేకుండా పోయింది.

ఆ ఏడు ఊళ్లోని బడులన్నిటికీ కలిపి అయిదో తరగతి పరీక్ష పెట్టారు. లెక్కల కాగితంలో ఎవరో పడవ, చేపల ప్రశ్న కూడా వేశారు. పిల్లలు పెదవి కదపకుండా రాసి ఇచ్చారు. తెలుగు బడి నుంచి ఆ పరీక్షకు కూర్చున్నవారిలో లెక్కల్లో తప్పినవారు ఒక్కరూ లేరు.