ముద్దతో మొదలైన సంఘం

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. కాకినాడలో ఒక పాత సామాన్ల కొట్టు వెనక, తుప్పు రేకుల మధ్య పడి ఉన్నాను. మూత పోయింది, పిడి వంగింది. అయినా నేను చూసినంత లోకం చూసిన గిన్నెలు ఈ కుప్పలో ఎక్కువ లేవు.

రేకును నొక్కి, అంచులు అరగదీసి, నాకు మెరుగుపెట్టినవాళ్ళ ముఖాలు గుర్తులేవు. మొదట కొన్నది ఒక లారీ డ్రైవరు. వారం తిరక్కుండానే ఒక హోటల్లో మరిచిపోయాడు. కడుపు నిండాక మనుషులకు గిన్నె గుర్తుండదు కదా. అక్కడ అంట్లు తోమే నూకరత్నం చాన్నాళ్ళు ఎదురుచూసి, ఎవరూ రాకపోయేసరికి యజమానిని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది. తర్వాత ఆమె రొయ్యల కంపెనీలో పనికి కుదిరింది. ఆమె చేతిలో నేనూ రోజూ గేటు దాటేదాన్ని.

లోపల ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి. తొడుగులు ఇచ్చేవారు కాదు. వేళ్ళు నాని, పాసిపోయి, అన్నం కలిపితే మంట. అంతకన్నా పెద్ద అవమానం టోకెన్లు. హాలు మొత్తానికి రెండే టోకెన్లు సూపర్‌వైజరు త్రిమూర్తులు బల్ల మీద ఉండేవి. టోకెను ఖాళీ అయితేనే మరుగుదొడ్డికి వెళ్ళాలి. ఒకరోజు ఒక నిండు చూలాలు అడిగి అడిగి, నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది. త్రిమూర్తులు నవ్వాడు. నూకరత్నం నవ్వలేదు.

ఆ ఆదివారం ఆమె తన వీధిలో ఉండే యేసుపాదం దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓడరేవులో కూలీల సంఘం నడిపి పెద్దవాడైన మనిషి.

"ముందు నువ్వు మాటాడకమ్మా, విను," అన్నాడాయన. "ఎవరికేం బాధో అడుగు. ఏడుగురు సంతకం పెడితే సంఘం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఏడుగురితో ఆగితే ఏడుగుర్నీ ఏరేత్తారు. ఎక్కువమంది కూడేదాకా త్రిమూర్తులు చెవిన పడనీకు. సంఘంలో చేరినందుకు పనిలోంచి తియ్యకూడదని చట్టముంది. అయితే ఆళ్ళు కారణం అది అని రాయరు, సూసుకో."

కూడేది ఎక్కడ? భోజనాల షెడ్డులో ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతోనే, ఏ కులంవాళ్ళు ఆ కులంవాళ్ళతోనే కూర్చునేవారు. ఐసు నీళ్ళు అందరి వేళ్ళనూ ఒకేలా కొరికేవి, తినే వరసలు మాత్రం వేరు. మర్నాడు నూకరత్నం నా పైగిన్నె నిండా చింతచిగురు పప్పు తెచ్చి, తన వరస వదిలి ఎదుటి వరసలోకి వెళ్ళి కూర్చుంది. "కాస్త రుచి సూడండే," అంది. చాలామంది తలలు తిప్పుకున్నారు. సత్యవేణి అనే సన్నటి మనిషి ఒక్కతే చెయ్యి చాపింది. "ఉప్పు తగ్గింది, రత్నమ్మొదినా," అని నవ్వింది.

అలా మొదలైంది. సత్యవేణి చొరవతో రోజుకొక వరస కరిగింది. నా గిన్నెల చుట్టూ చేతులు పెరిగాయి. పప్పు ఎంతమందికని సరిపోతుంది? అయినా మాటలు సరిపోయేవి. దరఖాస్తు మీద ఏడుగురు సంతకాలు పెట్టిన రోజున నూకరత్నం తర్వాత రెండో సంతకం సత్యవేణిదే.

దరఖాస్తు సంగతి కంపెనీకి తెలిసింది. త్రిమూర్తులు సంతకాలు పెట్టినవాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. ఆరుగురు ఏడుస్తూనో తిట్టుకుంటూనో బయటికి వచ్చి, మాట మీద నిలబడ్డారు. సత్యవేణి మాత్రం తనకు సంఘంతో సంబంధం లేదని రాసిచ్చి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే వచ్చి కూర్చుని నా గిన్నెలో చెయ్యి పెట్టబోయింది. నూకరత్నం నన్ను విసురుగా లాగేసుకుంది.

"మా అందరి నోట్లో మట్టి కొట్టేవు. ఇంకా నా కూర తింటాకి సిగ్గులేదటే?"

షెడ్డంతా వింది. సత్యవేణి కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి, కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత గోడ వారగా ఒక్కతే తినేది. ఆ వైపు ఎవరూ చూసేవారు కాదు.

సంఘం ఆగలేదు. సత్యవేణి బదులు మరొకామె సంతకం పెట్టింది. పక్క హాలువాళ్ళూ, ప్యాకింగువాళ్ళూ వచ్చి కలిశారు. ఒక ఉదయం అందరూ గేటు బయటే కూర్చుండిపోయేసరికి యాజమాన్యం దిగివచ్చింది. తొడుగులు వచ్చాయి. టోకెన్లు పోయాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు వాటేసుకున్నారు. ఆ సందడిలో నూకరత్నం గోడ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. సత్యవేణి ఎప్పుడు మానేసిందో కూడా ఆమెకు తెలియదు.

మర్నాడు వంకాయ కూర వండి, నన్ను పట్టుకుని సత్యవేణి ఇంటికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. పక్కింటామె బయటికి వచ్చింది.

"ఆళ్ళమ్మకి కిడ్నీలు పాడైపోయాయి కదా. కంపెనీ ఇచ్చిన ఈఎస్‌ఐ కార్డు మీదే వైద్యం. పని పోతే కార్డు పోద్దని హడలి సచ్చేది, పాపం. పోయిన నెల ముసల్ది పోయింది. దినాలవ్వగానే నెల్లూరు వైపు ఎల్లిపోయేరు."

"నాతో ఒక్క మాట సెప్పలేదేటి?" అంది నూకరత్నం.

"నువ్వడిగేవా?"

నూకరత్నం ఆ గడప మీద కూలబడింది. కూర చల్లారిపోయింది. నెల్లూరులో ఏ కంపెనీయో కనుక్కోమని తెలిసినవాళ్ళందరినీ అడిగింది. ఒకసారి వెళ్ళి వెతికింది కూడా. దొరకలేదు.

ఆ తర్వాత నన్ను ఎక్కువకాలం వాడలేదు, అటకెక్కించింది. చుట్టుపక్కల కంపెనీల్లో సంఘం పెట్టుకోవాలనుకున్న ఆడవాళ్ళు ఆమె ఇంటికి వచ్చేవారు. ఈ పాత సామాన్ల కొట్టుకి చేరేదాకా నేను అటక మీదినుంచి వినేదాన్ని. ఎవరైనా భయపడి వెనక్కి తగ్గితే మిగతావాళ్ళు తిట్టిపోసేవారు. నూకరత్నం మాత్రం చెప్పుల్లో కాళ్ళు పెట్టేసేది.

"నోరు మూసుకుని పదండే. ముందు ఆ ఇంట్లో ఏం కట్టమొచ్చిందో అడుగుదారి."

అలా వెళ్ళి చాలామందిని వెనక్కి తెచ్చింది. ఒక్క మనిషినీ వదులుకోని నాయకురాలని సభల్లో ఆమెను పొగిడేవారట. ఆ మాట వినగానే నూకరత్నం తల దించుకునేదట. అందరూ అది వినయమనుకునేవారు.